నింజాలు విసిరే ఆయుధాలకు ప్రత్యేకమైన ఉక్కు నిజంగా పనికొస్తుందా?

అనిమేల్లో, అంటే జపాన్ కార్టూన్ సినిమాల్లో, నింజాలు (పాతకాలం జపాన్ గూఢచారులు) విసిరే కునాయ్‌లు (బాకులాంటి మొనదేలినవి), షురికెన్‌లు (నక్షత్రంలాగో కడ్డీలాగో ఉండే చిన్న విసురు ఆయుధాలు) ఏదో మహా గట్టి ఉక్కుతో చేసినట్టు, బండరాయినైనా చీల్చుకుపోయినట్టు చూపిస్తారు కదా, నిజంగా అలా చేయించుకుంటే ఎలా ఉంటుందని అడిగారు. నేను చేయించుకున్నాను. మూడో విసురుకే విరిగింది.

ఇంటర్ సెలవుల్లో నాకూ మా చిన్నాన్న కొడుక్కీ ఈ పిచ్చి తలకెక్కింది. లారీ కమాను పట్టీ ముక్క ఒకటి సంపాదించి, కాగితం మీద కునాయ్ బొమ్మ గీసుకుని, మా ఊరి కమ్మరి తాత దగ్గరికి పోయాం. మాది నిజామాబాద్ వైపు. ఆయన బొమ్మ చూసి, "ఏందిరా గీ గడ్డపార, జానెడు గూడ లేకపాయె" అన్నాడు. మేం నవ్వుకున్నాం గానీ ఆయన అన్నదే నిజం. జపాన్‌లో కునాయ్ అసలు తవ్వడానికి, గోడల దగ్గర పనికి వాడిన పనిముట్టు. మెత్తటి ఇనుముతో చేసేవారు.

బాగా గట్టిగా ఉండాలని మేమే వెంటపడ్డాం. ఎర్రగా కాగినదాన్ని తొట్టి నీళ్లలో ముంచాడు. "మళ్ల జెర కాపి చల్లార్చాలె, లేకుంటే గాజు లెక్క పలుగుతది" అన్నాడు. మాకు ఆగే ఓపిక ఏది? పట్టుకుని పరుగెత్తాం. రెండుసార్లు వేపచెట్టుకు తగిలి కింద పడింది, మూడోసారి గురి తప్పి రాతికట్టకు కొట్టుకుంది. రెండు వేళ్లంత మొన ఎగిరిపోయింది.

కార్బన్ ఎక్కువున్న ఉక్కును కాచి ఒక్కసారిగా చల్లారిస్తే గట్టిపడుతుంది, దాంతోపాటే పెళుసెక్కుతుంది. కత్తి అయితే చేతిలో ఉంటుంది, చూసి కొడతాం. విసిరింది మొనతోనే తగులుతుందని నమ్మకం లేదు. అడ్డంగానూ తగులుతుంది, రాయికీ తగులుతుంది.

పైగా అది తిరిగొస్తుందా? జపాన్ కత్తులకు వాడే తమహగనే అనే ఉక్కు సంగతి చూడండి. షిమానే ప్రాంతంలో తతారా అనే మట్టి కొలిమిలో ఇనుప ఇసుకను, బొగ్గును మూడు పగళ్లు, మూడు రాత్రులు వేస్తూ కాలుస్తారు. సుమారు 10 టన్నుల ఇసుకకు రెండున్నర టన్నుల ముద్ద వస్తుంది, అందులో మేలైన ఉక్కు ఒక టన్ను కూడా ఉండదు. దాన్ని తెచ్చి పొదల్లోకి ఎవరు విసురుతారు? కడ్డీ షురికెన్‌లు చాలావరకు మేకుల్లాగే ఉంటాయి. వాటి పని మనిషిని నరకడం కూడా కాదు, ముఖానికో చేతికో తగిలి ఎదుటివాడు ఒక్క క్షణం తడబడితే చాలు.

మీరు కథ రాస్తూ ప్రత్యేకమైన ఉక్కు కావాలనుకుంటే జపాన్ దాకా పోనక్కర్లేదు. మా జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కును పర్షియా వర్తకులు కొనుక్కుపోయారు. కానీ అదీ కత్తులకే. అందులో కార్బన్ ఎంత ఎక్కువంటే, వేడి కాస్త మించితే సమ్మెట కింద పొడిపొడి అయిపోయేది. మీ నింజా దాన్ని విసిరితే, వెతుక్కోవడానికి వెనక్కి పోవాల్సిందే. నాకైతే అక్కడే మంచి కథ ఉందనిపిస్తుంది.

తర్వాత తాతే పాత ఎడ్లబండి పట్టా ముక్కతో ఇంకొకటి చేసిచ్చాడు. మొన వంగేది, రాయి మీద పెట్టి కొట్టి సరిచేసుకునేవాళ్లం. నెల తిరక్కుండానే చెరకు తోటలో పోయింది, మేం వెతకను కూడా లేదు. మొన విరిగిన మొదటిదాన్ని మాత్రం మా నానమ్మ మల్లెపాదులు తవ్వుకోవడానికి పట్టుకుపోయింది.