హార్లెమ్‌లో వినైల్ లిజనింగ్ బార్: జాజ్ తెలియకపోయినా, మద్యం తాగకపోయినా వెళ్లొచ్చా?

ఆమ్‌స్టర్‌డామ్ వస్తున్నాను, ఒక సాయంత్రం పక్కనే ఉన్న హార్లెమ్ ఊళ్లో వినైల్ బార్‌కి (గ్రామఫోన్ రికార్డులు పెట్టి వినిపించే బార్‌కి) వెళ్లాలని ఉంది, కానీ జాజ్ తెలియదు, మద్యం అలవాటు లేదు అని రాశారు. నేను హార్లెమ్‌లో నాలుగేళ్లు ఉన్నాను. తప్పకుండా వెళ్లండి.

నేను వెళ్లే చోటు స్పార్నె నది పక్కన ఒక సందులో, పాత ఇంటి కింది అంతస్తులో ఉండేది. ఇరవై మంది కూర్చుంటే నిండిపోయేది. మామూలు బార్‌లో పాట వెనకాల వినిపిస్తుంటుంది, మనుషులు గట్టిగా మాట్లాడుకుంటారు. ఇలాంటి లిజనింగ్ బార్‌లో మాటలు తగ్గించి పాట వింటారు. ఈ పద్ధతి జపాన్ నుంచి వచ్చింది. రికార్డులు కొనుక్కునే స్తోమత లేనివాళ్లు ఒక కప్పు కాఫీ తీసుకుని గంటల తరబడి వినే జాజ్ కేఫ్‌లు అక్కడ రెండో ప్రపంచ యుద్ధానికి ముందే ఉండేవి. ఎల్పీ, అంటే పెద్ద రికార్డు, ఒక వైపు సుమారు 20 నిమిషాలు వస్తుంది. అది అయ్యాక ముల్లు ఎత్తి, రికార్డు తిప్పే లోపల అందరూ కాస్త మాట్లాడుకుంటారు. మొదటిసారి ఆ సంగతి తెలియక నేను పాట మధ్యలో ఫోన్ ఎత్తాను. ఎవరూ ఏమీ అనలేదు కానీ, నాకే తప్పనిపించి బయటికి వెళ్లి మాట్లాడాను.

నాకు బాగా గుర్తున్నది, ఎవరి రికార్డు వాళ్లు తెచ్చుకోవచ్చన్న ఒక మంగళవారం. విజయవాడ నుంచి తెచ్చుకున్న నాన్నగారి ఘంటసాల ఎల్పీ తీసుకెళ్లాను. యజమాని దాన్ని వెలుతురులో పట్టుకుని చూసి, బ్రష్‌తో దుమ్ము తీసి, ముల్లు పెట్టాడు. చిటపట చప్పుడు ఉంది. అయినా ఆ గొంతు అంత దగ్గరగా మా ఇంట్లో కూడా ఎప్పుడూ వినలేదు. పక్క బల్ల మీది పెద్దావిడకి ఒక్క ముక్క అర్థం కాదు, అయినా వైపు అయ్యేదాకా గ్లాసు ముట్టుకోలేదు. అందుకే చెప్తున్నాను, జాజ్ తెలియదని టెన్షన్ పడకండి.

ఇంకో మాట. ఆ ఊళ్లోనే రికార్డ్ ఇండస్ట్రీ అనే పెద్ద ఫ్యాక్టరీ ఉంది. 1958 నుంచి అక్కడ రికార్డులు అచ్చవుతున్నాయి. మీరు ఆ రాత్రి వినేవాటిలో కొన్ని రెండు మూడు కిలోమీటర్ల దూరంలో తయారైనవే కావచ్చు.

ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రల్ నుంచి రైలు 15-20 నిమిషాలు. పగలే వచ్చి సింట్ బావో చర్చిలో 1738 నాటి ఆర్గన్ వాద్యం చూడండి, సంగీతకారుడు మోట్సార్ట్ పదేళ్ల వయసులో వాయించినది అదే. బార్‌లో తాజా పుదీనా టీ, ఆల్కహాల్ లేని బీరు మామూలుగా దొరుకుతాయి. బిటర్‌బాలెన్ అనే వేయించిన ఉండల్లో ఎక్కువగా బీఫ్ ఉంటుంది, తినకపోతే ముందే అడగండి. చాలా చోట్ల నగదు తీసుకోరు, కార్డు దగ్గర పెట్టుకోండి. శుక్ర, శనివారాలు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి మంగళ, బుధ వారాల్లో వెళ్లి స్పీకర్లకి ఎదురుగా కూర్చోండి.