వ్యాక్స్ వేసినా గీతలు తిరిగొస్తుంటే

నల్ల కారుకు వ్యాక్స్ పూస్తే సాలెగూడు గీతలు (వెలుగులో సాలెగూడులా కనిపించే సన్నటి గీతలు) పోయాయి, రెండుసార్లు కడిగేసరికి తిరిగొచ్చాయి అని ఒకరు అన్నారు. అవి అసలు పోలేదండీ. వ్యాక్స్‌లోని నూనెలు వాటిని నింపి కప్పాయంతే. గీత పోవాలంటే క్లియర్‌కోట్ (రంగు మీది పారదర్శక పొర) కాస్త అరగాలి, అది పాలిష్ చేసే పని.

ముందు కడిగి, లూబ్రికెంట్ (జారుడు ద్రవం) చల్లి క్లే బార్ (పెయింట్‌కు అంటిన మురికిని లాగే మెత్తటి ముద్ద) రుద్దండి. లూబ్రికెంట్ ఆరనివ్వకండి, ఆరితే క్లేనే గీతలు పెడుతుంది. కింద పడ్డ క్లేని పారేయడమే.

తర్వాత డ్యూయల్ యాక్షన్ మెషీన్ (ప్యాడ్ తిరుగుతూనే అటూఇటూ ఊగే పాలిషర్), మెత్తటి ఫోమ్ ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్ (తక్కువగా అరిగించే రకం). చాలామంది నేరుగా కాంపౌండ్ (ఎక్కువగా అరిగించే రకం) ఎత్తుకుంటారు, అనవసరం. ప్యాడ్ మీద బఠాణీ గింజంత చుక్కలు మూడు నాలుగు వేసి, సుమారు 50 సెం.మీ. చదరంలో అడ్డంగా, నిలువుగా నెమ్మదిగా నాలుగు పాస్‌లు తిప్పండి. తుడిచి టార్చ్ వెలుగులో చూడండి. గీతలు మిగిలితేనే గట్టి ప్యాడ్, అప్పటికీ లొంగకపోతే కాంపౌండ్. క్లియర్‌కోట్ మందం సాధారణంగా 40-50 మైక్రాన్లే. అంచుల్లో ఇంకా పల్చన, అక్కడ టేప్ అంటించండి. గోటికి తగిలే గీత జోలికి పోవద్దు.

వ్యాక్స్‌కు ముందు నీళ్లలో 10-15 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి తుడవండి. లేదంటే పాలిష్ నూనె కూడా గీతల్ని దాచేస్తుంది. వ్యాక్స్ నీడలో, పల్చగా. మందంగా పూస్తే తుడవడం కష్టమే తప్ప ఎక్కువ రోజులేం ఉండదు. నల్ల ప్లాస్టిక్‌కు అంటితే తెల్ల మరక పడుతుంది, జాగ్రత్త.