రెండో మైకు

తమ్ముడూ,

జాజ్ రేడియో వ్యాఖ్యాత, పాత రికార్డుల నిర్మాత ఫిల్ షాప్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. 1951లో న్యూయార్క్‌లో పుట్టాడని మొదలెట్టి, గ్రామీ అవార్డులన్నీ వరసపెట్టి, 2021లో పోయాడని ముగించావు. తప్పు ఒక్కటీ లేదు. శుభలేఖలా ఉంది. ఊరూ పేరూ ముహూర్తం అన్నీ ఉన్నాయి, మనిషి ఎలా ఉంటాడో మాత్రం తెలీదు.

మూడో పేజీలో "1999లో ఎలింగ్టన్ న్యూపోర్ట్ రికార్డును మళ్లీ తయారుచేశాడు" అని ఒక్క ముక్కలో దాటేశావు చూడు, నీ వ్యాసం అక్కడుంది.

1956 జూలై 7 రాత్రి, అమెరికాలో న్యూపోర్ట్ జాజ్ ఉత్సవం. జాజ్ బృందనాయకుడు డ్యూక్ ఎలింగ్టన్ బృందంలోంచి పాల్ గోన్సాల్వెస్ శాక్సోఫోన్ పట్టుకుని ముందుకొచ్చి, ఒకే బ్లూస్ వరస మీద ఆపకుండా 27 ఆవృత్తాలు వాయించాడు. జనం ఊగిపోయారు. అయితే అక్కడ ఉన్న మైకుల్లో ఒకటి కొలంబియా రికార్డుల కంపెనీది, ఒకటి వాయిస్ ఆఫ్ అమెరికా రేడియోది. ఆయన రేడియో వాళ్ల మైకులోకి ఊదాడు! కొలంబియా ఎల్పీలో ఆ ఘట్టం పక్కవీధి పెళ్లిలో సన్నాయిలా దూరంగా వినిపిస్తుంది. ఎల్పీలో మరికొంత భాగమైతే తర్వాత స్టూడియోలో మళ్లీ వాయించి, చప్పట్లు అతికించింది. నలభై ఏళ్లు లోకం దాన్నే విని మురిసిపోయింది.

1990లలో రేడియో వాళ్ల టేపు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో బయటపడింది. రెండూ మోనో టేపులే, అంటే విడిగా వింటే రెండు చెవుల్లోనూ ఒకటే ధ్వని. రెండు యంత్రాలు ఎప్పుడూ అచ్చంగా ఒకే వేగంతో తిరగవు. వాటిని సరిచేసి జతకలిపితే ఆ రాత్రి స్టీరియోలో, చెవికో ధ్వనిగా, లేచి కూర్చుంది. ఆ కూర్పుకు నిర్మాత షాపే.

ఇంకో సంగతి నువ్వు పట్టుకోలేదు. ఆ రాత్రి వేదిక అంచున, చుట్టిన పేపరుతో చరుస్తూ బృందాన్ని ఎగదోసినవాడు డ్రమ్మర్ జో జోన్స్. షాప్ చిన్నపిల్లాడుగా ఉన్నప్పుడు, అమ్మానాన్నలు బయటికెళ్తే ఇంట్లో కనిపెట్టుకుని ఉండి రికార్డులు వినిపించినదీ ఆ జో జోన్సే. ఈ రెండూ పక్కపక్కన పెట్టు. వ్యాఖ్యానం చెయ్యకు.

అలాగని షాప్‌ని దేవుణ్ణి చెయ్యొద్దు. కొలంబియా యూనివర్సిటీ విద్యార్థుల రేడియోలో 1981 నుంచి దాదాపు నలభై ఏళ్లు పొద్దున్నే ఒక్క శాక్సోఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ గురించే కార్యక్రమం నడిపాడు. పాట కంటే దాని ముందుమాట పొడుగు. ఫలానా టేకు (ఒకసారి వాయించి రికార్డు చేసినది) ఎప్పుడు, ఎవరు ఆలస్యంగా వచ్చారు, ఇలా. నాకే విసుగొచ్చి మధ్యలో ఆపేసిన రోజులున్నాయి. ఆ విసుగు కూడా వ్యాసంలోకి రానీ.

నేనూ ఓసారి పద్యనాటకాల హార్మోనిస్టు ఒకాయన మీద ఆరు పేజీలు రాశాను, సన్మానాలతో సహా. ఆయన పోయాక వాళ్లబ్బాయి అన్నాడు: "నాన్న పెట్టె మీద మూడు మెట్లు అరిగి గుంటపడ్డాయండీ, మీరు చూడనేలేదు." ఆ పెట్టె ముందే రెండు గంటలు కూర్చున్నాను నేను.

ఈ ఆదివారం ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ 1999 కూర్పు విను. గోన్సాల్వెస్ దగ్గరికొచ్చాక ముందు ఒక చెవిది తీసేసి విను, తర్వాత రెండోది. ఏ చెవిలో ఏం వినిపించిందో రాసి పంపు. గ్రామీల సంగతి తర్వాత చూద్దాం.

— అన్నయ్య