ఎర్రనీళ్ళ గురించే రాయి అమ్మలూ

అమ్మలూ,

ఆర్కిటిక్‌లో చేసే పరిశోధనకి డబ్బు అడుగుతూ నువ్వు రాసి పంపిన ప్రపోజల్ డ్రాఫ్టు రెండుసార్లు చదివాను, నిన్న రాత్రి ఒకసారి, పొద్దున్న కాలవగట్టు మీద నడిచొచ్చాక ఇంకోసారి. శ్రమ పడ్డావని తెలుస్తోంది, కానీ ఇది ఇలాగే పంపితే డబ్బు రాదు. కోపం తెచ్చుకోకు. నేను ఆర్కిటిక్ చూళ్ళేదు గానీ సర్వీసులో నాలుగు ప్రాజెక్టులు గవర్నమెంటు డబ్బుతోనే చేశాను, ఒకదాంట్లో చెయ్యి కాల్చుకున్నాను కూడా, అది కింద రాస్తాను.

ముందు మొదటి పేజీ తీసెయ్. ఆర్కిటిక్ సముద్రం మీద మంచు కరిగి కోనసీమ మునిగిపోతోందని మొదలెట్టావు, తెలిసినవాళ్ళు అక్కడే ఆపేస్తారు. నీళ్ళలో తేలే మంచు కరిగితే సముద్రమట్టం పెద్దగా పెరగదు, గ్లాసులో ఐసుముక్క కరిగితే నీళ్ళు పొర్లవు కదా, మట్టం పెంచేది గ్రీన్‌లాండ్ లాగా నేలమీద ఉన్న మంచు, అది మొత్తం కరిగితే 7 మీటర్ల పైనే పెరుగుతుందంటారు. పైగా అంతర్వేది వైపు ఒడ్డు కోసుకుపోతోందంటే అందులో మన ఎగువ డ్యాముల పాత్ర కూడా ఉంది, ఒండ్రు అక్కడే ఆగిపోతోంది, కొత్త మట్టి పడకపోతే డెల్టా కుంగక ఏంచేస్తుంది. ఉన్నమాట రాస్తే చాలు. 1979 నుంచి ఆర్కిటిక్ ప్రపంచ సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కుతోంది, ఆ ఒక్క వాక్యం పెట్టి ముందుకెళ్ళు.

అసలు నీ దగ్గరున్న మంచి సరుకుని ఎక్కడో పదకొండో పేజీలో దాచావేంటే! ఎమ్మెస్సీలో యానాం దగ్గర పడవ మీద తిరిగి ఎర్రనీళ్ళలో చేసిన పని ఉంది చూడు, గౌతమికి జూలై ఆగస్టుల్లో వరద మట్టి దిగినప్పుడు వెలుతురు లోపలికి వెళ్ళక ప్లాంక్టన్, అదే నీళ్ళలో తేలే సూక్ష్మజీవులు, ఏమవుతాయో చూశావు, అదే నీ ప్రపోజల్. ఆర్కిటిక్‌లో మన దేశపు రిసెర్చ్ స్టేషన్ హిమాద్రి ఉన్న నీ-ఆలెసుండ్ (నార్వే వాళ్ళ స్వాల్‌బార్డ్ దీవుల్లో ఊరు) పక్కన కాంగ్స్‌ఫ్యోర్డ్ అనే సన్నటి సముద్రపాయలో కూడా ఎండాకాలం హిమానీనదాలు కరిగి ఎర్రమట్టి నీళ్ళే దిగుతాయి, అక్కడి కొండల్లో ఎర్ర ఇసుకరాయి ఉంది మరి. నెలలు కూడా దాదాపు అవే. తేడా ఎక్కడంటే మన దగ్గర ఎర్రనీళ్ళు సముద్రం మీద పైపైన పరుచుకుంటాయి, అక్కడ మంచు అడుగునుంచి బయటపడి పైకి పొంగుతాయి, పొంగుతూ లోతులో ఉన్న పోషకాల్ని కూడా లాక్కొస్తాయి. అంటే మట్టి వెలుతురుని ఆపుతుంది, పొంగు తిండి తెస్తుంది, రెండిట్లో ఏది గెలుస్తుంది? ఈ ప్రశ్న ఏటిగట్టున పుట్టి పెరిగిన పిల్ల అడిగితే వచ్చే బలం వేరు. అదే ఫ్యోర్డ్‌లో 192 మీటర్ల లోతున మనవాళ్ళు 2014లో దించిన ఇండార్క్ పరికరాలు ఉన్నాయి, సముద్రం లోపలి కొలతలు తీస్తాయి, ఆ డేటా అడుగుతానని రాయి, సర్కారు ఇప్పటికే ఖర్చుపెట్టినదాన్ని వాడుకుంటానంటే సంతోషిస్తారు.

డబ్బు సంగతి. 2024 జనవరిలో కేంద్ర భూవిజ్ఞాన శాఖ వాళ్ళ పృథ్వి స్కీముకి 4,797 కోట్లు ఓకే చేశారని రాసి పక్కన ఆశ్చర్యార్థకం పెట్టావు, అది 2021 నుంచి 2026 దాకా ఐదు సబ్‌స్కీములకి కలిపి, అందులో ధ్రువాలది పేసర్ అనే ఒక్క ముక్క, దాన్లోనే అంటార్కిటికా, హిమాలయాలు కూడా ఉన్నాయి. ఆర్కిటిక్ కి పంపే పని చూసేది గోవాలో ఎన్‌సీపీఓఆర్ అనే ధ్రువ పరిశోధన సంస్థ, వాళ్ళ నోటిఫికేషన్ వచ్చినప్పుడు వాళ్ళేం భరిస్తారో, మీ డిపార్ట్‌మెంటు ఏం భరించాలో అక్షరం అక్షరం చదివి అప్పుడు బడ్జెట్ వెయ్యి, గైడు గారి పేరు మీద వెయ్యి, సంస్థ హెడ్ సంతకం లెటరు ముందే తెచ్చిపెట్టుకో, ఆఖరి రోజున ఆయన ఊళ్ళో ఉండడు. వెళ్ళడం ఖాయమైతే రిసెర్చ్ ఇన్ స్వాల్‌బార్డ్ పోర్టల్లో ప్రాజెక్టు నమోదు చెయ్యాలి, ఫీల్డ్ వర్కుకి అక్కడి గవర్నర్ ఆఫీసు పర్మిషన్లు చూసుకోవాలి, ఇవి కూడా టైమ్ టేబుల్లో వెయ్యి.

కెనడా వాళ్ళ నార్తర్న్ సైంటిఫిక్ ట్రైనింగ్ ప్రోగ్రామ్ గురించి అడిగావు, అది అక్కడి యూనివర్సిటీల్లో చదివే పిల్లలకి. ఇప్పుడు దానిమీద టైమ్ పెట్టకు.

బడ్జెట్లో రెండు తప్పులు కనిపించాయి. బ్లూటూత్‌తో నడిచే సెన్సర్ వేశావు, నీ-ఆలెసుండ్ చుట్టూ రేడియో సైలెన్స్, అక్కడి యాంటెనాలకి అడ్డం రాకుండా వైఫై బ్లూటూత్ ఆపెయ్యమంటారు, కేబుల్‌తో డేటా తీసుకునేది చూడు. రెండోది, గడ్డకట్టిన శాంపిళ్ళు ఇండియా దాకా కరక్కుండా తేవడానికి ఒక్క రూపాయి వెయ్యలేదు. అది లేకపోతే వెళ్ళొచ్చి ఉపయోగం ఏముంది చెప్పు? జేఆర్‌ఎఫ్, అంటే రిసెర్చ్ చేసేవాళ్ళకి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్, 37,000 వేశావు, హెచ్‌ఆర్‌ఏ, అదే ఇంటద్దె భత్యం, మర్చిపోయావు.

ఇక నా సంగతి. రెండో ప్రాజెక్టులో మొదటి ఏడాది డబ్బు ఖర్చయింది, యూసీ, అంటే డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్, పంపితే గానీ రెండో విడత రాదు, ఆఫీసువాళ్ళు పంపుతారులే అనుకుని నేను అడగలేదు, వాళ్ళు పంపలేదు. ఏడు నెలలు నా దగ్గర పనిచేసే అమ్మాయికి ఫెలోషిప్ ఆగింది. నా జీతంలోంచి కొంత ఇచ్చాను గానీ ఎన్నాళ్ళిస్తాను, తండ్రి లేని పిల్ల, ఇంటి అద్దె కట్టలేక పీహెచ్‌డీ వదిలేసి వెళ్ళిపోయింది. ఆమె చేసిన ల్యాబు ప్లేట్లు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి. అందుకే చెప్తున్నా, ప్రతి బిల్లు ఫోటో తీసుకో, మార్చి నెల దాకా కొనుగోళ్ళు సాగదియ్యకు, యూసీ నువ్వే టైప్ చేయించి సంతకం అయ్యేదాకా ఆ కుర్చీ ముందు నుంచుని పంపించు, ఎవరేమనుకున్నా పర్లేదు.

ఆదివారం లోపు కొత్త మొదటి పేజీ రాసి పంపు, ఒక్క పేజీయే. యానాం గ్రాఫు పెద్దదిగా వెయ్యి, నా కళ్ళకి ఫోన్లో ఆనట్లేదు. అమ్మకి చెప్పు, కొబ్బరికాయలు దింపించాం, మీ నాన్న వచ్చినప్పుడు పట్టుకెళ్ళమను.

మావయ్య