బాంబులు పడ్డ రోజు పొద్దున ఏం తిని వెళ్ళారు?

మీ తాతగారు రెండో ప్రపంచ యుద్ధకాలంలో విశాఖ పోర్టులో కలాసీ అనీ, ఆయన తరం సంగతులు మ్యూజియానికి పనికొచ్చేలా ఎలా సేకరించాలనీ అడిగారు. మా తాతయ్యదీ అదే పని. ఆయన పోయాక, ఆయనతో కలిసి మూటలు మోసిన ఒక పెద్దాయన దగ్గర కూర్చుని నేను రికార్డు చేశాను.

‘యుద్ధం గురించి చెప్పండి తాతా’ అని మాత్రం అడగొద్దు. నేను అలాగే మొదలుపెట్టాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలొచ్చాయి, ఇక్కడా కాకినాడలోనూ బాంబులేశాయి, జనం ఊరొదిలి పారిపోయారు... పది నిమిషాల్లో అయిపోయింది. అదంతా పుస్తకాల్లో ఉన్నదే. అప్పటి పేలని బాంబు బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలోనే ఉంది, వెళ్ళి చూడొచ్చు.

రెండోసారి వెళ్ళినప్పుడు ‘ఆ రోజు పొద్దున ఏం తిని వెళ్ళారు?’ అన్నాను. ‘గంజి. బియ్యమెక్కడివి నాయనా, రంగం పోయింది కదా’ అన్నాడు. రంగమంటే బర్మాలోని రంగూన్. అది ఆ మార్చిలోనే జపాన్ చేతికి చిక్కింది, బర్మా బియ్యం రావడం ఆగిపోయింది. అక్కణ్ణుంచి ఆయన్ని ఆపడం నావల్ల కాలేదు. మెడ ఒరుసుకోకుండా తలగుడ్డ ఎలా చుట్టాలో చుట్టి చూపించాడు. (అందుకే ఒట్టి ఆడియో చాలదు, వీడియో తీయండి.) విమానాల మోత వినగానే మేస్త్రీ అందరికంటే ముందు పరిగెత్తాడట. ఈయనేమో మూట దింపాలని తోచక, వీపు మీద దానితోనే కొంత దూరం ఉరికాడట. చెప్పి తనే నవ్వుకున్నాడు.

తేదీలు తప్పు చెబుతారు, మధ్యలో సరిదిద్దకండి. ‘బాంబులు పడ్డ నాలుగో నెలకి పెద్దమ్మాయి పుట్టింది’ లాంటి మాటలు అలాగే ఉంచి, తర్వాత కాగితాలతో సరిచూసుకోండి. స్కూలు సర్టిఫికెట్‌లో పుట్టినరోజును మాత్రం నమ్మకండి, ఆ కాలంలో సగం మంది జూలై 1నే పుట్టారు!

పాత రికార్డులు వెతికేటప్పుడు పేర్లతో తిప్పలు తప్పవు. మా తాతయ్య పేరులోని ‘అప్పల’ ఇంగ్లీషులో మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంది. మీ వాళ్ళెవరైనా రంగం రేవులో పనిచేసి ఉంటే ‘తెలుగు’ అని వెతికి ఊరుకోకండి. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద మనవాళ్ళని అక్కడ ‘కోరంగీలు’ అనేవారు.

మ్యూజియం వాళ్ళకి వస్తువొక్కటే ఇస్తే లాభం లేదు. అది ఎవరిది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది, ఎవరు చెప్పగా ఎవరు ఎప్పుడు రాశారు, అందరికీ చూపించడానికి ఇంట్లో వాళ్ళు ఒప్పుకున్నారా, ఇవన్నీ ఒక కాగితం మీద రాసివ్వండి. రసీదు తీసుకోండి. నేను తీసుకోలేదు. తాతయ్య నంబరున్న ఇత్తడి బిళ్ళని ఎగ్జిబిషన్‌కని ఒకరు పట్టుకెళ్ళారు, ఇప్పటికీ తిరిగి రాలేదు. కనీసం రెండువైపులా ఫొటో తీసి ఉంచుకోవాలన్న బుద్ధి కూడా అప్పుడు లేకపోయింది.

ఇంకొకటి, అయిపోయిందనుకుని రికార్డింగ్ వెంటనే ఆపేయకండి. నేను ఫోన్ జేబులో పెట్టుకోబోతుంటే పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు. ‘ఆ పారిపోయిన రోజులకి మూడు రోజుల కూలి మేస్త్రీ ఎగ్గొట్టాడు. అదీ రాసుకో’ అన్నాడు.