సౌర కుక్కర్లను పరీక్షించబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

అనంతపురం జిల్లా పల్లెల్లో పెట్టె తరహా సౌర కుక్కర్లను పరీక్షించే పని నీకు అప్పగించారని తెలిసి ఎంతో సంతోషించాను. పెట్టె ఎంత వేడెక్కిందో చెప్పడం సులభం. దానివల్ల ఒక ఇంట్లో ఎన్ని కిలోల కట్టెలు మిగిలాయో తేల్చడమే అసలు పరీక్ష కాబట్టి నీ శ్రమలో ఎక్కువ పాలు దానికే కేటాయించు.

పెట్టెను పరీక్షించడానికి అమెరికా వ్యవసాయ ఇంజనీర్ల సంఘం రూపొందించిన ప్రమాణం ఉంది. ఎండను పట్టే వైశాల్యంలో చదరపు మీటరుకు 7 కిలోల నీళ్లు పోసి, సౌరకాలం ప్రకారం, అంటే సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళను 12 గంటలుగా తీసుకుని, 10 నుంచి 2 గంటల మధ్య 10 నిమిషాలకొకసారి ఆ నీళ్ల ఉష్ణోగ్రత లెక్క కట్టాలి. అనంతపురంలో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో సుమారు 12:20 అవుతుంది, ఆ తేడా మరచిపోకు. గాలి వేగం సెకనుకు 2.5 మీటర్లు దాటితే ఆ కొలత లెక్కలోకి రాదు. గాలులు ఎక్కువగా వీచే ఆ జిల్లాలో ఈ నియమం నీకు చాలాసార్లు అడ్డుపడుతుంది, అయినా సడలించకు.

ఇక కట్టెల విషయం. కుక్కర్ ఇవ్వకముందే కనీసం ఒక వారం, ఇచ్చిన తరువాత వేర్వేరు కాలాల్లో మళ్లీ, రోజూ ఉదయం కట్టెలు తూచి విడిగా పెట్టించి, మరునాటి ఉదయం మిగిలినవి తూచు. పచ్చి తుమ్మకంప, ఎండిన కందికట్టె ఒకే బరువున్నా ఒకే వేడినివ్వవు కనుక ఏ కట్టెనో, ఎంత ఆరిందో రాయాలి. ఆ పూట ఎంతమంది తిన్నారో, చుట్టాలు వచ్చారో, పండుగో కూడా రాయాలి. అన్నిటికంటే ముఖ్యం, స్నానాలకు నీళ్లు కాచే పొయ్యి లెక్కను వంటపొయ్యి లెక్కతో కలపకు. ఆ రెండూ కలిసిపోతే వంటలో వచ్చిన పొదుపు కంటికి కనపడదు. కుక్కర్ తీసుకోని కొన్ని ఇళ్లలోనూ అవే రోజుల్లో తూకం వేయించు, ఎందుకంటే కాలాన్నిబట్టి కట్టెల వాడకం దానంతటదే మారుతుంది.

అన్నం, పప్పు, ఉడకబెట్టిన వేరుశనగకాయలు ఈ పెట్టెలో చక్కగా అవుతాయి. కెలకవలసిన రాగిసంగటి, కాల్చవలసిన రొట్టె, తాలింపు మాత్రం కావు. పైగా పొద్దున్నే చేనికి వెళ్లే ఇంట్లో వంట ఎండ రాకముందే పూర్తవుతుంది. అందుచేత ఏ ఇంట్లో మధ్యాహ్నం వండుకునే వీలుందో, పెట్టెను ఎండకు తిప్పడానికి ఎవరు ఉంటారో వంట చేసే ఆడవాళ్లనే అడుగు. ఇంటి యజమాని ఇచ్చే జవాబు చాలదు. మొదటి నెల ఉత్సాహం చూసి నివేదిక రాయకు. వర్షాకాలం దాటాక మళ్లీ వెళ్లి, పెట్టె వాకిట్లో ఉందో అటకెక్కిందో చూసి, అటకెక్కితే ఎందుకో విచారించి, ఆ ఇళ్లను కూడా సగటులో కలుపు.

మబ్బు కమ్మితే సగం ఉడికిన అన్నాన్ని గంటల తరబడి అలాగే ఉంచవద్దని, వెంటనే పొయ్యిమీద ఉడికించుకోమని ప్రతి ఇంట్లో చెప్పు. ఆ పూట కట్టెలు కూడా నీ తూకంలోకి రావాలి.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న