చిగుళ్ల జబ్బుతో ముందు పళ్లు జరిగిపోయాయి.. క్లిప్పులు వేయించుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 43. మాది ఒడిశాలోని రాయగడ. రెండేళ్లుగా పై ముందు పళ్లు బయటికి వస్తున్నాయి, మధ్యలో సందు పెరిగింది. అందులో ఒకటి పక్కదానికన్నా కిందికి దిగింది. బ్రష్ చేస్తే నెత్తురు వస్తోంది. కింద కుడివైపు దవడ పళ్లు రెండు పుచ్చిపోతే నాలుగేళ్ల కిందట తీయించాను, మళ్లీ కట్టించుకోలేదు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, బీపీకి అమ్లోడిపిన్ వాడుతున్నాను. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 8.6 ఉంది. పొద్దున్నే పళ్లకు గుడాకు (పొగాకు పేస్టు) రుద్దుకునే అలవాటు ఉంది. ఒక చోట ఈ పళ్లు నిలవవు, తీసేసి కట్టుడు పళ్లు పెడతామన్నారు. ఇంకోచోట వచ్చే వారమే క్లిప్పులు వేస్తామన్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, రాయగడ

సమాధానం: ఆ రెండింటిలో దేనికీ ఇప్పుడే ఒప్పుకోకండి. చిగుళ్ల జబ్బు వచ్చినవాళ్లకూ క్లిప్పులు వేయొచ్చు. వయసు అడ్డు కాదు. చుట్టూ కొంత ఎముక కరిగిన పన్నును కూడా జరపొచ్చు. అడ్డల్లా చిగురు కింద ఉన్న ఇన్‌ఫెక్షనే. పన్ను జరగాలంటే ఒకవైపు ఎముక కరగాలి, రెండోవైపు కొత్త ఎముక పడాలి. చిగురు బాగుంటే ఈ రెండూ సమంగా సాగుతాయి. చీము, పాచి ఉండగా తీగ బిగిస్తే కరగడమే తప్ప కట్టుకోవడం ఉండదు. పైగా కిందికి దిగిన పన్నును పైకి నొక్కేటప్పుడు దాని మీదున్న పాచి కూడా చిగురు లోపలికి పోతుంది. వచ్చే వారమే క్లిప్పులు అన్నవాళ్లు చిగుళ్ల లోతు కొలిచారా? కొలవకపోతే అక్కడ వేయించుకోకండి.

మీ పళ్లు ఎందుకు జరిగాయో మీ ఉత్తరంలోనే ఉంది. ఎముక తగ్గిన పన్నుకు పట్టు తక్కువ. దవడ పళ్లు రెండు లేకపోవడంతో నమిలే బరువు ముందు పళ్ల మీద పడుతోంది. కింది పళ్లు వెనక నుంచి తగిలిన ప్రతిసారీ పైవి కాస్త ముందుకు జరుగుతాయి. ఇంట్లోనే చూసుకోవచ్చు: పై ముందు పళ్ల మీద చూపుడు వేలి కొసను తేలిగ్గా ఆనించి, వెనక పళ్లు కలిసేలా టక టకమని నాలుగైదుసార్లు కొరకండి. వేలికి అదురు తెలిస్తే ఆ పన్ను మీద దెబ్బ పడుతున్నట్టే. ఈ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. తగిలేచోట కాస్త అరగదీస్తేనే కొన్ని పళ్ల కదలిక తగ్గుతుంది.

మొదట కలవాల్సింది చిగుళ్ల నిపుణుడిని, అంటే పీరియోడాంటిస్ట్‌ను. సన్నని కొలత గీతలున్న ప్రోబ్‌తో ఒక్కో పన్ను చుట్టూ ఆరుచోట్ల లోతు చూస్తారు. 3 మిల్లీమీటర్ల దాకా మామూలే. 5, 6 ఉండి నెత్తురు వస్తే జబ్బు నడుస్తున్నట్టు. ఇలా లోతు పెరిగిన సందునే పాకెట్ అంటారు. ఆ అంకెలన్నీ రాసిన పాకెట్ చార్టు కాపీ అడిగి తీసుకోండి. ఏడాది తర్వాత బాగుపడిందా, పాడైందా తేల్చేది అదే. నోరంతా ఒకేసారి కనిపించే ఓపీజీ ఎక్స్‌రే ఒక్కటి చాలదు, జరిగిన పళ్లకు విడివిడిగా చిన్న ఎక్స్‌రేలు తీయించాలి. పళ్లు తీసేయాలన్న మాటకొస్తే, పైకీ కిందికీ కూడా ఊగుతూ, వేరు కొస దాకా ఎముక పోయిన పన్నుకే అది వర్తిస్తుంది. అటూ ఇటూ ఊగే పన్ను క్లీనింగ్ అయ్యాక గట్టిపడటం మామూలే. అందుకే తీయాలా వద్దా అన్నది మొదటి రోజు తేల్చకూడదు.

క్లీనింగ్ అంటే పైపైన మెరిపించడం కాదు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, చిగురు కింద వేరుకు అంటుకున్న గారను తీయాలి. సాధారణంగా రెండు నుంచి నాలుగు సిటింగ్‌లు పడుతుంది. తర్వాత వాపు దిగి చిగురు బిగుస్తుంది కాబట్టి పళ్లు పొడవుగా, సందులు పెద్దవిగా కనిపిస్తాయి, చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటుంది. స్కేలింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్న అపవాదు ఇక్కడ పుట్టిందే. నిజానికి అన్నాళ్లూ ఆ సందును నింపింది గార. ఇంకో సంగతి, మిల్లీమీటరు లోపు సందులైతే క్లీనింగ్‌తోనే వాటంతటవే మూసుకుపోయిన సందర్భాలున్నాయి. మీ విషయంలో అంత ఆశ పెట్టుకోవద్దు.

ఆరు నుంచి పన్నెండు వారాలకు మళ్లీ కొలుస్తారు. పాకెట్లు 4 మిల్లీమీటర్లకు దిగి, నెత్తురు రాకుండా ఉంటే క్లిప్పుల గురించి మాట్లాడొచ్చు. 6 దాటినవి మిగిలితే చిగురు తెరిచి చేసే ఫ్లాప్ సర్జరీ, లోతైన గుంట ఉంటే ఎముక పొడి వేయడం అవసరమవుతాయి. ఎముక వేశాక ఆర్నెల్లు ఆగాలని కొందరు అంటారు గానీ, గాయం బాగా మానితే నెల రోజులకే తేలికపాటి బలంతో మొదలుపెట్టొచ్చు.

ఈ లోగా మీరు చేయాల్సినవి. గుడాకు పూర్తిగా మానాలి. అందులో పొగాకు ఉంది. పొగాకు చిగుళ్లకు చేటు చేస్తుంది. హెచ్‌బీఏ1సీ 7 దగ్గరికి తేవాలి. చిగుళ్లు బాగుపడితే షుగరూ కొంత దిగుతుంది. అమ్లోడిపిన్ కొందరికి చిగురు పొంగేలా చేస్తుంది, అలాగని మీరే మానేయకండి. చిగురు ఉబ్బిందని మీ ఫిజీషియన్‌కు చెబితే వేరే మందు చూస్తారు. సందుల్లో తోమడానికి ఇంటర్‌డెంటల్ బ్రష్ వాడండి. సందులో కాస్త బిగువుగా దూరే సైజు కావాలి, వదులుగా జారిపోయేది పనికిరాదు. క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతం మందు 10 మి.లీ. నిమిషంపాటు పుక్కిలించి ఉమ్మేయాలి, రోజుకు రెండుసార్లు, రెండు వారాలు. పేస్టుతో తోమిన అరగంట తర్వాతే వాడండి. నెలల తరబడి వాడితే పళ్లు గోధుమరంగుకు మారతాయి.

ఇక క్లిప్పులు. మట్టి కొట్టుకుపోయిన కంచె గుంజను కొంచెం తోసినా ఒరిగిపోతుంది. ఎముక తగ్గిన పన్నూ అంతే, మామూలు బలం పెడితే వేరుతో సహా జరగదు, ఒరుగుతుంది. అందుకే బలం బాగా తగ్గించాలి. దిగిన పన్నును పైకి నొక్కడానికి పన్నుకు 10-15 గ్రాములు చాలు. దవడ పళ్లకు చుట్టూ బిగించే బ్యాండ్లు కాకుండా అంటించే ట్యూబులు వేయమనండి, బ్యాండు అంచు చిగురు కింద పాచి పట్టిస్తుంది. తీగను కట్టడానికీ రంగు రబ్బరు రింగులకన్నా సన్నని స్టీలు తీగ శుభ్రంగా ఉంటుంది. మీకు కింద కుడివైపు దవడ పళ్లు రెండు లేవు కాబట్టి, కింది పళ్లనూ జరపాల్సి వస్తే ఆ వైపు ఆధారానికి ఎముకలో చిన్న స్క్రూ వేయాల్సి రావచ్చు. అలైనర్లు, అంటే పళ్లకు తొడిగే పారదర్శక ప్లాస్టిక్ తొడుగులు, తీసి తోముకోవచ్చు కాబట్టి మంచివే, కానీ రోజుకు 20-22 గంటలు పెట్టుకోని వాళ్లకు డబ్బు దండగ.

క్లిప్పులు వేసే నిపుణుడు, అంటే ఆర్థోడాంటిస్ట్ దగ్గరికి నాలుగు నుంచి ఆరు వారాలకోసారి వెళ్లాలి. రాయగడ నుంచి విశాఖ రైల్లో వెళ్లొచ్చే పని గనుక ఒక్క రోజులోనే తీగ, చిగుళ్లు రెండూ చూసేచోటు ఎంచుకుంటే మేలు. కుదరకపోతే మూడు నెలలకోసారి క్లీనింగ్ మీ ఊళ్లోనే చేయించుకుని చార్టు తీసుకెళ్లండి. పాకెట్ లోతు పెరిగినా, మళ్లీ నెత్తురు మొదలైనా బలం ఆపేసి, తీగను ఊరికే ఉంచి, ముందు చిగురు సంగతి చూడాలి. ముందు పళ్ల వరకైతే ఆరు నెలల నుంచి ఏడాది, మొత్తం నోరు సరిచేయాలంటే రెండేళ్ల దాకా పడుతుంది.

ఒక హెచ్చరిక. సందు మూయడానికి రెండు పళ్లకూ కలిపి రబ్బరు బ్యాండు వేసుకోకండి, ఎవరైనా వేస్తామన్నా ఒప్పుకోకండి. పన్ను వేరు వైపు సన్నబడుతుంది కాబట్టి బ్యాండు జారి చిగురు లోపలికి, వేరు మీదికి పోతుంది. పైకి కనిపించదు, లోపల ఎముకను తినేస్తుంది. అలా బాగున్న పళ్లు రెండూ ఊడిపోవచ్చు. సంత దగ్గర గులాబీ రంగు ప్లాస్టిక్ ముద్ద పెట్టి పళ్లు ‘ఫిక్స్’ చేసేవాళ్ల దగ్గరికీ వెళ్లకండి, ఆ ముద్ద కింద తోమడం కుదరదు.

సందు మూసుకున్నాక పళ్ల మధ్య చిగురు దగ్గర నల్లటి త్రికోణపు ఖాళీ మిగలొచ్చు. పోయిన చిగురు తిరిగి పెరగదు. పళ్ల పక్కలు కొద్దిగా అరగదీసి దగ్గర చేస్తే, లేదా పంటి రంగులో ఉండే కాంపోజిట్ ఫిల్లింగ్ వేస్తే తగ్గుతుంది. పోయిన దవడ పళ్ల చోట బ్రిడ్జో ఇంప్లాంటో అప్పుడే పెట్టించుకోండి, లేదంటే ముందు పళ్లు మళ్లీ దెబ్బ తింటాయి. పళ్లు మళ్లీ జరగకుండా వాటి వెనక అంటించే సన్నని రిటెయినర్ తీగ మాత్రం ఎప్పటికీ ఉండాల్సిందే, రాత్రిపూట ప్లేటు కూడా. మీలాంటివాళ్లకు తీగ ఒక్క పన్ను దగ్గర ఊడినా కొద్ది రోజుల్లోనే ఆ పన్ను జరుగుతుంది. నాలుకతో తడిమితే తీగ కొస గుచ్చుకుంటుంది, అది తెలిసిన వారంలోనే మళ్లీ అంటించుకోండి.